చివర్లో మళ్లిన బంతి

మాది ఇబ్రహీంపట్నం. దుబాయిలో, బంతిని దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆట బంతులకు వేళ్లు పట్టే రంధ్రాలు వేయడం నా పని.

"బాపూ, బొక్కలు కొడ్తవని దోస్తులకు ఎట్ల చెప్పాలె?" అని మా బిడ్డ సిగ్గుపడేది.

ఒకరోజు నాకు పని నేర్పే ఉస్తాద్ సెలవులో ఉండగా ఒకావిడ ఖరీదైన బంతి తెచ్చింది. నేరుగా వెళ్లి, చివర్లోనే మళ్లాలంది. బంతి లోపలి బరువు ఎటుందో చెప్పే చుక్క ఒకటి బంతి మీద ఉంటుంది. వేళ్ల రంధ్రాలు ఆ చుక్క కింద పడితే బంతి ఆలస్యంగా మళ్లుతుంది. అలాగే గుర్తులు పెట్టి, మొదటిసారి ఒంటరిగా డ్రిల్లు దించాను. తప్పితే కొత్త బంతి పాడైనట్టే.

ఆవిడ విసిరేటప్పుడు మా బిడ్డకు వీడియో కాల్‌లో చూపించాను. బంతి, బాట పక్కనున్న కాలువ అంచునే పోతోంది.

"అయ్యో బాపూ, గది మోరీల పడ్తది!"

అంతలో బంతి గిరుక్కున లోపలికి మళ్లి, పది పిన్నులనూ పడగొట్టింది! ఆవిడ చప్పట్లు కొట్టింది. ఫోన్లో మా బిడ్డ కేక అంతకంటే గట్టిగా వినిపించింది.

మర్నాడు బడిలో చెప్పిందట: "మా బాపు బంతికి యాడ మల్లాల్నో నేర్పుతడు."

ఇప్పుడు నా పనేమిటని ఎవరడిగినా నేనూ ఆ మాటే చెబుతున్నాను.