ఆపరేటరక్క గొంతు

ఆఫీసులో అందరూ అతన్ని నంబర్లాయన అనేవారు. ఇంటర్నెట్ ఫోన్లు వస్తున్నాయనగానే చెవిమీద పెన్సిలు, నుదుటిమీద కళ్లజోడు పెట్టుకుని, ఎవరి ఫోనుకి ఏ నంబరో వేస్తూ గదిగదీ తిరిగాడు. మొదటి అంకె అంతస్తుకి, రెండోది విభాగానికి, చివరిది మనిషికి. ప్రతి బల్లకీ ఒక నంబరు కాగితం అంటించి, ఊడకుండా బొటనవేలితో రుద్దేవాడు. గుమ్మం పక్క బల్లకి మాత్రం అంటించలేదు. అది, వచ్చిన ప్రతి ఫోనూ ఎత్తి లోపలికి కలిపే ఆపరేటరక్కది. ఇకమీదట ఆ పని రికార్డు చేసిన గొంతు చేస్తుంది, వచ్చే నెలనుంచి ఆమెకి ఉద్యోగం ఉండదు. ఆ మాట ఆమెకి చెప్పే పని మేనేజరు అతని నెత్తినే పెట్టాడు. అతని తల్లికి ప్రాణంమీదికి వచ్చిన రోజు గదిగదికీ ఫోను చేసి అతన్ని పట్టుకున్నది ఈ అక్కే.

గొంతు బాగుంటుందని రికార్డింగు కూడా ఆమె చేతే చేయించమన్నారు. ఆమె కుర్చీ అంచుకి జరిగి, "నమస్కారం. అమ్మకాల విభాగం కోసం ఒకటి నొక్కండి" అంటూ చివరిదాకా తొణక్కుండా చదివింది.

"ఎలా ఉంది తమ్ముడూ?"

"బాగుందక్కా. ఇంకోసారి చదువుతావా?"

చదివింది. మళ్లీ అడిగాడు.

"నీకు నచ్చేలోపు నా పళ్లూడిపోయేట్టున్నాయి," అని నవ్వి, మంచినీళ్లు తాగింది. "ఇంతకీ నా నంబరెంత? ఊరందరికీ పంచి నన్ను మరిచిపోయావా ఏం?"

మొదటిసారి చదివిందే పనికొస్తుందని అతనికి తెలుసు. ఇది ముగిస్తే ఆ మాట చెప్పక తప్పదనీ తెలుసు.

"చెప్తానక్కా," అన్నాడు తలెత్తకుండా. "ముందు ఇంకొక్కసారి చదువు."