ఈల వేస్తే మారే గాలి

స్టాన్లీ మాస్టారికి ఒకటే జబ్బు. ఏ మనిషినీ కూర్చున్నచోట కూర్చోనివ్వరు.

"గాలి మారింది, లెగండి!" అని మెడలో వేలాడే ఈల తీసి రెండుసార్లు ఊదుతారు. ముప్పై నాలుగేళ్లు మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. స్కూలు బంతులూ తాళ్లూ లెక్కగా అప్పజెప్పారు గాని, ఈల మాత్రం ఇవ్వలేదు.

ఇంట్లో ఆయన మంచం వారంలో నాలుగు దిక్కులూ చుట్టి వస్తుంది. ఒకసారి చర్చిలో ప్రసంగం మధ్యలో లేచి పాస్టరుగారిని బల్లతో సహా కిటికీ పక్కకి జరిపించారట. నేను చూడలేదు గాని, నమ్ముతాను. వాళ్లావిడ కాంతమ్మగారైతే, "పెళ్లయిన కాణ్ణుంచీ ఒకే కుర్చీలో కూకుని గ్లాసుడు కాఫీ పూర్తిగా తాగనేదు బాబూ" అంటారు.

ఆ జబ్బు ముదిరేది గెడ్డపేట సాగరం అనే చెరువు గట్టు మీద. నేను చీపురుపల్లి స్టేషన్లో బుకింగ్ క్లర్కుని. డ్యూటీ లేని సాయంత్రాలు నాలాంటి పదిమందితో కలిసి ఆ చెరువులో గేలం వేస్తాను. చైత్రంలో అక్కడి ఆకాశానికి నిలకడ ఉండదు. ఎండ కాస్తూనే మబ్బు పడుతుంది, ఉక్కపోస్తూనే సుడిగాలి లేస్తుంది, నాలుగు చినుకులు రాలి మళ్లీ ఎండ. ఆ నెలంతా మాస్టారికి పండగే.

"ఏటి మేస్టారూ, నా గేలం బెండు ఇప్పుడే కదిలింది!" అనేది కూరలమ్మే గురమ్మ.

"కదిపింది సేప కాదు, గాలి. లెగు. తూము కాడికెళ్లు. నరసింగరావూ, నువ్వు రాయి మీదకి. జగన్నాధం, నువ్వు ఎండలోకి."

"ఎప్పుడూ నేనే ఎండలోకా మాస్టారూ?" అనేవాణ్ణి నేను.

"గాలి అటే ఉన్నాది మరి."

"ఈ ఈలకి చేపలు బెదిరిపోవా?"

"దీనికి మా స్కూలు పిల్లలే బెదరనేదు, సేపలేటి బెదురుతాయి?"

తిట్టుకుంటూనే లేచేవాళ్లం. ఎందుకంటే ఆయన తూము దగ్గర కూర్చోబెట్టిన మనిషికి చేప పడి తీరేది. గాలి మర్మం ఆ ఒక్కరికే తెలుసని మేమంతా ఒప్పేసుకున్నాం.

2017 ఏప్రిల్లో మా గట్టు మీదకి అసిరయ్య వచ్చాడు. మా స్టేషన్ పాయింట్స్‌మన్ నాగబాబుకి మావగారు. నలభై ఏళ్లుగా సముద్రంలో వేట. ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు వేటకి నిషేధం కాబట్టి, పడవ ఒడ్డున పెట్టి కూతురు అనూరాధ దగ్గరికి వచ్చాడు. ఆమెకి ఏడో నెల. ఏం తిన్నా కడుపులో ఇమడడం లేదు.

"నీ సేత్తో పట్టిన సేపైతే తింతాను నాన్నా అన్నాది బాబూ," అని నాతో చెప్పుకున్నాడు. "పుట్టి బుద్దెరిగి సేప కొననేదు. ఇప్పుడు బజార్లో కొని అట్టుకెళ్లి, నేనే పట్టానని సెప్పనా?"

అందుకే నాతో పాటు చెరువుకి వచ్చాడు. నీళ్లు చూసి, "దీన్ని సాగరం అంతారేటి?" అని నవ్వాడు. కాని ఆ చిన్న సాగరం అతని మాట వినలేదు. బెండు వణికితే చాలు, వల లాగినట్టు రెండు చేతులా లాగేవాడు. గేలం ఖాళీగా వచ్చి వెనక తుమ్మకొమ్మకి తగులుకునేది. మూడు రోజులు ఉత్త చేతులతో ఇంటికి నడిచాడు. మూడో రోజు కూతురి కోరిక గట్టు మీద అందరికీ చెప్పుకున్నాడు. ఎల్లుండి ఊరికి వెళ్లిపోవాలి, పడవకి తారు పూత పని ఉంది.

నాలుగో రోజు మాస్టారు ఈల ఊదారు. "గాలి మారింది! తూర్పు నుంచి వస్తన్నాది. అసిరయ్యా, తూము కాడికి!"

అందరం లేచాం. అసిరయ్య లేవలేదు. ముఖం పైకెత్తి ఒక్క క్షణం చూశాడు.

"మారనేదు మేస్టారూ. దచ్చినంగాలే."

గాలి తప్పు చదివితే ఇంటికి రాని బతుకు అతనిది. ముందు నరసింగరావు కిసుక్కుమన్నాడు, తరవాత అందరం పగలబడి నవ్వాం. ఇన్నేళ్లూ మమ్మల్ని గట్టంతా తిప్పిన పెద్దమనిషి దొరికిపోయాడు మరి!

"ఇది సెరువు గాలి, మీ సముద్రం గాలి కాదు," అని గొణిగారు మాస్టారు. చెవులు ఎర్రబడ్డాయి. ఈల మెడలోంచి తీసి జేబులో వేసుకున్నారు.

అసిరయ్య ఉన్నచోటే ఉన్నాడు. గంటైనా బెండు కదలలేదు. ఇంతలో పడమట నల్లగా మూసుకొచ్చి, ఈదురుగాలి నిజంగానే దిక్కు మార్చి విరుచుకుపడింది. మేమంతా తూము పక్క రేకుల షెడ్డులోకి పరుగు. మాస్టారు మాత్రం గొడుగు పట్టుకుని అసిరయ్య దగ్గరకి వెళ్లారు.

"ఇప్పుడైనా మారిందా బాబూ?" అని బతిమాలినట్టు అడిగారు.

"మారింది," అని లేచాడు అసిరయ్య.

గొడుగు తిరగబడిపోయింది. జోరు వానలో ఇద్దరూ తూము మీద కూర్చున్నారు. పది నిమిషాల్లో బెండు ఒక్కసారిగా మునిగింది.

"లాగొద్దు! వదులు! ఇంకా వదులు! స్టాండెటీజ్!" మాస్టారు డ్రిల్లు చేయిస్తున్నారు. "ఇప్పుడు లాగు!"

మూడు కిలోల శీలావతి. అసిరయ్య దాన్ని చంటిపిల్లలా గుండెకి హత్తుకున్నాడు. మాస్టారు వానలో చిన్నపిల్లాడిలా గెంతారు.

నాగబాబు క్వార్టర్స్ పెరట్లో అసిరయ్యే చేప కోశాడు. పేగు చీల్చి, చేయి ఆపి, లోపలున్నది వేళ్ల మధ్య నలిపి నాకు చూపించాడు.

"తవుడు. తెలగపిండి. సెరువులో ఈటిని ఎవులు పోసినారు బాబూ?"

అప్పుడు వెలిగింది నాకు. రోజూ మాకంటే ముందు గట్టెక్కేది మాస్టారొక్కరే. తూము దగ్గర చేపలకి మేత వేసేది ఆయనే. గురమ్మ తూము దగ్గర కూర్చుంది, భర్త కాలు విరిగి మంచాన పడ్డ వారం. నరసింగరావు కూర్చున్నాడు, కొత్త వియ్యాలవారు దిగిన రోజు. నన్ను అక్కడ కూర్చోబెట్టింది ఒకే ఒక్కసారి. మా ఆవిడ టైఫాయిడ్ నుంచి లేచి, నోరు చేదని అన్నం ముట్టని రోజుల్లో. గట్టు మీద పగలబడి నవ్వినందుకు సిగ్గు వేసింది.

మర్నాడు గట్టు మీద మాస్టారిని అందరూ ఆడుకుంటున్నారు. "గాలి ఎటుందో అసిరయ్యనడిగి సెప్తారా మేస్టారూ?" ఆయన నీళ్లలోకి చూస్తూ కూర్చున్నారు. ఊరెళ్లే సంచితో అసిరయ్య గట్టెక్కాడు.

"అమ్మి రెండుసార్లు ఏయించుకుని తిన్నాది మేస్టారూ," అని, మా వైపు తిరిగి గొంతు పెంచాడు. "నిన్న ఈలూదినప్పుడే గాలి మారింది. మేస్టారే రైటు. తప్పు నాదే."

మాస్టారు చివాలున తలెత్తారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఈ పూట గాలెలగుంది మేస్టారూ?" అన్నాడు అసిరయ్య.

గట్టు మీద ఆకైనా అల్లాడడం లేదు. మాస్టారు నెమ్మదిగా జేబులో చెయ్యి పెట్టారు. ఆ ఈల బయటికి రాకముందే నేను లేచి నిలబడ్డాను.