చున్నీ చాటున చెప్పిన పాఠం

మా విశ్వవిద్యాలయంలో ఆరోగ్య విద్య చదివేవారికి చివరి పరీక్ష ఊళ్లో జరుగుతుంది. ఒక్కొక్కరూ చీటీ తీసి, అందులో వచ్చిన అంశాన్ని ఊరివాళ్లకు వివరించాలి. ఇద్దరు అధ్యాపకులం మార్కులు వేస్తాం. నిరుడు కదిరి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయికి ఫ్లోరైడ్ నీళ్లు, పళ్ల జబ్బు అన్న అంశం వచ్చింది. ఆమె పళ్లు ఆ నీళ్లకే గోధుమరంగు తేలాయి. తరగతిలో ఎప్పుడు మాట్లాడినా చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకునేది.

నాతోపాటు మార్కులు వేసే పెద్దాయన ఆ చీటీ చూసి సంతోషించారు.

"పటాలెందుకమ్మా? నీ పళ్లే చూపించు. ఊరివాళ్లు వెంటనే నమ్ముతారు."

ఆ మాటలో వెక్కిరింత లేదు. ఈ పల్లెల్లో మంచినీళ్ల కోసం ఏళ్లుగా తిరిగిన మనిషి ఆయన.

సాయంత్రం ఆ అమ్మాయి నా గది గుమ్మం దగ్గర నిలబడింది.

"చూపియ్యకపోతే మార్కులు తగ్గిస్తారా సార్?"

మా ఇంట్లో కాలేజీ చదువు చదివిన మొదటివాణ్ణి నేను. ఉద్యోగపు ఇంటర్వ్యూకు బయలుదేరేటప్పుడు నాయన చెప్పిన జాగ్రత్త ఒక్కటే: "ఆడ నగొద్దప్పా, పండ్లు కనపడతాయి." మా ఊరి నీళ్లూ అలాంటివే.

"మార్కులు పాఠానికమ్మా, నీ పళ్లకు కాదు. సారుతో నేను మాట్లాడతాను" అన్నాను.

"నేను మంచికే కదయ్యా చెప్పింది!" అని, నేను ఆ సంగతి ఎత్తగానే పెద్దాయన నొచ్చుకున్నారు.

"మార్కులు వేసేవాళ్లం అడిగితే ఆ పిల్ల కాదనగలదా సార్?"



పరీక్ష నాడు ఫిల్టర్ నీళ్ల కేంద్రం ముందు ఆడవాళ్లు బిందెలతో కూర్చున్నారు. అమ్మాయి చున్నీ చాటునే మొదలుపెట్టింది.

"ఏమ్మే, ఇనపడల్యా! ఆ గుడ్డ తీయి. మాకంటే గారపండ్లా నీయి?" అని ఒక అవ్వ తన పళ్లన్నీ కనబడేలా నవ్వింది. అందరూ నవ్వారు. అమ్మాయీ నవ్వింది. చున్నీ మాత్రం తీయలేదు, గొంతు పెంచింది.

"నువ్వే ముందుకొచ్చి కూచో అవ్వా. తాగేకి ఫిల్టర్ నీళ్లు తీసకపోతాండావు, సరే. అన్నం యా నీళ్లతో వండుతావు?"

"బోరు నీళ్లతోనే. కాగితే విషం పోతాది కదమ్మే?"

"పోదవ్వా. కాగేకొద్దీ నీళ్లు తగ్గుతాయి, ఫ్లోరైడ్ ఆడే ఉంటాది."

అవ్వ నవ్వు ఆపి, బిందె జరుపుకుంటూ ముందుకొచ్చింది.

తిరుగు బస్సులో చూసుకుంటే, ఆ అమ్మాయికి నా కన్నా పెద్దాయనే ఎక్కువ మార్కులు వేశారు. ఈ ఏడాది చీటీలు తీయించే ముందు, వచ్చిన అంశం వద్దనుకున్నవారు కారణం చెప్పనక్కర లేకుండా మరో చీటీ తీసుకోవచ్చని తరగతిలో ప్రకటించింది కూడా ఆయనే.