బంపరుకు బొట్టు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, ఆరాంఘర్‌లో ఉస్తాద్ దగ్గర పని మానేసి శంషాబాద్ రోడ్డు మీద సొంత షెడ్డు వేసుకున్న కొత్తలో, నాకున్న ఆస్తి కాసిన్ని రేకులు, ఒక జాకీ, తలకు మించిన ధీమా. మెకానిక్‌కు పేరే అన్నం పెడుతుంది. మొదటి బండి బాగుపడితే ఊరంతా వస్తుంది, లేకపోతే ఊరంతా చెప్పుకుంటుంది. "పో బిడ్డా, మళ్ల ఈడికే వస్తవ్" అని ఉస్తాద్ నవ్వి పంపించాడు కాబట్టి నాకు మరీ భయంగా ఉండేది.

ఆ మొదటి బండి మహేశ్వరం దిక్కు నుంచి వచ్చింది. పొలం ప్లాట్లయ్యాక కొన్న కొత్త కారు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు (తీస్తే కొత్తదనం పోతుందట, వీపులు అంటుకుపోయినా ఫర్వాలేదట). ఊళ్లో అందరూ పటేల్ అని పిలిచే ఆ ఆసామి దిగుతూనే, "తమ్మీ, జర జూడు. గుడి కాడ పూజ చేయించినప్పటికెల్లి రివర్స్ ఏస్తే సాలు మొత్తుకుంటున్నది, ఎనుక ఎవ్వరు లేకున్నా" అన్నాడు. వెనక సీట్లోంచి ఆయన మేనత్త, "ఎవ్వరు లేకుండుడేంది? ఊరోళ్ల కండ్లన్నీ దీని మీదనే ఉన్నయి. దిష్టి తగిలింది" అని తేల్చేసింది. (అనుభవంతో చెబుతున్నాను, బండి కన్నా ముందు రోగం పేరే షెడ్డుకు చేరుతుంది.)

ఫ్యూజులు పీకాను, వైర్లు కదిలించాను, బండి కింద పడుకుని పెద్ద డాక్టరులా మూలిగాను. ఏమీ తోచలేదు. బుర్ర ఆగిపోతే మెకానిక్ చెయ్యి గుడ్డ మీదికి పోతుంది. పటేల్ రివర్స్ వేసి కూర్చుని ఉండగా, ఊరికే ఉండలేక వెనక బంపరు తుడిచాను. మోత ఆగిపోయింది! వెనక ఏదైనా అడ్డముంటే పసిగట్టి మోత పెట్టే సెన్సర్లు బంపరులో గుండ్రంగా ఉంటాయి, వాటన్నిటికీ అంతదాకా పసుపు మెత్తి, కుంకుమ అద్ది ఉంది.

నా సంబరం తీరనే లేదు. "అయ్యో, కొత్త బండిని బోడిమొఖం జేస్తివి గదరా!" అంటూ మేనత్త దిగి, కొంగున ఉన్న పసుపు కుంకుమ మళ్లీ దిట్టంగా మెత్తింది. బండి మళ్లీ మొత్తుకుంది.

"పెద్దమ్మా, అవి బండికి చెవుల లెక్క. మూస్తే గిట్లనే అరుస్తది" అన్నాను.

"పసుపు వెడితే అరిసే బండి ఏం బండిరా? నీకే పని రాదు."

"ఇగ ఆరాంఘర్‌కే పోదాం పా అత్తా" అన్నాడు పటేల్. ఉస్తాద్ నవ్వు కళ్ల ముందు కనిపించింది. చటుక్కున టీకొట్టు నుంచి నిమ్మకాయ తెచ్చి, బండి చుట్టూ గంభీరంగా తిప్పి, టైరు కింద పెట్టి తొక్కించాను. "దిష్టి తీసినంక పాత బొట్టు ఉంచొద్దు పెద్దమ్మా. కొత్తది నంబరు ప్లేటు పక్కన పెట్టాలె" అన్నాను.

మేనత్త ముఖం వికసించింది. తానే బంపరు తుడిచి, బొట్టు నంబరు ప్లేటు పక్కకు మార్చింది, మోత ఆగిపోయింది. "గట్ల జెప్పు మరి! గిది తెల్వనోడు మెకానిక్ ఎట్లయితడు?"

ఆ వారంలోనే నాకు పేరొచ్చేసింది. బాలాపూర్ నుంచి కూడా బండ్లు వచ్చాయి, నిమ్మకాయలతో సహా. ఇప్పుడు షెడ్డులో స్కానర్ ఉంది, లాప్‌టాప్ ఉంది. మొన్న స్కానర్ బండికి తగిలిస్తుంటే ఒకాయన విసుక్కున్నాడు: "గవన్నీ ఎనుక జూద్దువు అన్నా, ముందుగాల నిమ్మకాయ తిప్పు." తిప్పాను. పేరు రావాలని ఎంత ఆరాటపడ్డాడు పాపం, కొత్తగా షెడ్డు వేసుకున్న ఆనాటి కుర్రాడు! ఏం పేరు కావాలో కాస్త వివరంగా కోరుకోవలసింది.