తాత నుదుటి రూపాయి

తిరువళ్లూరులో పాత నాణేలు అమ్మే ఆయన ఇవాళ ఒక రూపాయి చూపించాడు. వెనకవైపు ఉండాల్సిన రెండు గోధుమ కంకులు ముందువైపు సింహాలకు అటూ ఇటూ లీలగా కనిపించాయి.

"కాసు కొట్టేటప్పుడు మధ్యలో బిళ్ళ లేకుండా రెండచ్చులు గుద్దుకున్నాయిమ్మా. ఒకదాని బొమ్మ ఇంకోదానికి అంటుకునింది," అన్నాడు.

నా ఎనిమిదో ఏట, తిరుత్తణిలో, చనిపోయిన తాత నుదుట అంటించిన రూపాయి మీద అవే గీతలు చూశాను. అవి తాత మెలేసిన మీసాలనీ, ఆయన అందులోకి వెళ్లిపోయాడనీ అనుకున్నాను. పూడ్చేస్తారన్న భయంతో తీసి గుప్పిట్లో దాచుకున్నాను.

"నుదుట్లో కాసు యాడ పోయినాదే? ఉత్త నుదురుతో పంపిస్తామా మీ తాతని?" అని అవ్వ నన్నే అడిగింది. నేను గుప్పిట వీపు వెనక్కి పెట్టుకున్నాను. అమ్మ ఇంకో రూపాయి అంటించింది.

ఇవాళ ఇంటికొచ్చి, అప్పుడు దాచుకున్న ఆ నాణెం తీసి చూశాను. అవి కంకులే. తాత ముఖం గుర్తు తెచ్చుకుందామని కళ్లు మూసుకున్నాను. అక్కడా కంకులే కనిపించాయి.