పలకని పేరు

మొన్న ఖమ్మంలో రక్తపరీక్షకు వెళితే, అక్కడి అమ్మాయి కిటికీలోంచి ఎవరి పేరో రెండుసార్లు పిలిచింది. ఎవరూ లేవలేదు. నేను లేవబోయాను. "కూర్చోండి, మిమ్మల్ని కాదు" అని మా ఆవిడ మోచేత్తో పొడిచింది. ఆవిడకేం తెలుసు! పిలిచిన పేరుకు ఎవరూ పలక్కపోతే ఇప్పటికీ నా చూపు గుమ్మం వైపే పోతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, భద్రాచలం అడవి అంచున ఒక ధర్మాసుపత్రిలో నేను రికార్డుల గుమాస్తాను. మాది కల్లూరు వైపు. అడవి అంటే అప్పటికి నాకు తునికాకు, దోమలు, అంతే. టీబీ మందులు వాడేవాళ్ళ వివరాలన్నీ ఒక ముసలి కంప్యూటర్లో ఉండేవి. నల్ల తెర, పచ్చ అక్షరాలు. ఆన్ చేస్తే పాత బావి మోటారులా మూలిగేది. దాన్ని తీసేసి కొత్తది పెడదామని హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరును పిలిపించారు. ఆయన పాత ఫైళ్ళన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి, "ఒక్క పేరు కూడా పోలేదు సార్" అన్నాడు. నిజమే పాపం, చిక్కంతా అక్కడే వచ్చింది. పాతదాంట్లో ఒక పేరు కొట్టేస్తే అది నిజంగా పోయేది కాదు. పక్కన నక్షత్రం గుర్తు పడి, తెరమీద కనబడకుండా ఫైల్లోనే ఉండిపోయేది. నాకు ముందున్న గుమాస్తా, తర్వాత నేనూ, చనిపోయినవాళ్ళందరినీ చీటీ నంబరు చూసి అలాగే కొట్టేశాం. ఇంజనీరు ఆ గుర్తు సంగతి చూసుకోలేదు. పోయినవాళ్ళంతా బతికున్నవాళ్ళతో పాటు, అదీ జాబితాలో మొట్టమొదటే, కొత్త కంప్యూటర్లోకి వచ్చేశారు.

మర్నాడు మందులిచ్చే రోజు. ముసురు పట్టి, పట్టపగలే వరండాలో లైటు వేయాల్సి వచ్చింది. అయిదారు పేర్లు ఒక్క గుక్కలో పిలవడం మా అలవాటు. పలికినవాళ్ళు వచ్చి వరసలో నిలబడేవారు. పిలిచాను. "అవ్", "అవ్" అంటూ ఒక్కొక్కరే లేచారు. ఒక పేరుకు మాత్రం జవాబు రాలేదు. మళ్ళీ పిలిచాను. వరండాలో మాటలన్నీ ఆగిపోయాయి. వరసలో ముందు నిలబడింది పిల్లను చంకనేసుకున్న ఒక పడుచు. తెరమీద ఆమె పలికిన పేరుకు ఎదురుగా అరవై ఏళ్ళని ఉంది.

"ఇది నీ పేరేనా అమ్మా?"

"కాదు సారూ. మా అత్తది. సచ్చిపోయి శానా దినాలాయె."

"మరి నువ్వెందుకు పలికావు?"

"గట్ల అంటవేంది! సచ్చినోళ్ల పేరు పిలిస్తే ఇంటోళ్లు ఎవలన్న పలకాలె. పలకకపోతే వాళ్లే వస్తరు."

నవ్వబోయి వరస వైపు చూశాను. ఒక్కరి చేతిలోనూ మందుల చీటీ లేదు. అందరూ తమ ఇంట్లో పోయినవాళ్ళ బదులు పలికి వచ్చినవాళ్ళే. ఆ పలకని పేరు ఎవరిదని ఆ పడుచునే అడిగాను.

"తునికిపండ్లు తెచ్చే అవ్వది. ఆ ఇంట్ల ఎవలు లేరు సారూ."

నేనూ అవ్వా అనేవాణ్ణే తప్ప ఏనాడూ ఆమె పేరు అడగలేదు. మందులకు వచ్చినప్పుడల్లా కొంగుముడి విప్పి నా బల్లమీద పండ్లు పోసి, "తిను కొడకా, ఊకె గా డబ్బల సూస్తే కండ్లు పోతయ్" అని తిట్టేది. ఆ ఎండాకాలమే పోయింది. ఇప్పుడు జనమంతా వానలో అడవి దారి వైపు చూస్తున్నారు. గేటు అవతల, చెట్ల కింద, ఎవరో తడి ఆకులమీద నడుస్తున్న చప్పుడు. వాన చినుకులేనని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు అనుకోలేకపోయాను.

"నేను పలకొచ్చా?" అన్నాను.

"పలకొచ్చు. పలికితే ఇగ నువ్వు ఆ ఇంటోనివే. ఏటా ఆమెకింత బువ్వ పెట్టాలె. నీ దినం వచ్చిననాడు ఆమెనే వచ్చి నిన్ను పిలుస్తది."

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది తిరగలేదు. భయం వేసింది, దాచుకోవడం ఎందుకు! కానీ పిలిచాక ఎవరూ పలక్కపోతే ఆ ముసలావిడ ఆ వానలో ఎక్కడికి పోతుంది?

"అవ్" అన్నాను.

చప్పుడు ఆగింది. ఎవరో దగ్గారు. జనం మళ్ళీ మాటల్లో పడ్డారు. ఆ పేర్లన్నీ ఇంజనీరు చేత ఆ రోజే తీసేయించాం. ఏటా ఎండాకాలంలో పెరట్లో విస్తరేసి ఇంత అన్నం పెడతాను. కాకులకని మా ఆవిడతో చెబుతాను. చాలా ఏళ్ళు, ఆమె ఎప్పుడు పిలుస్తుందోనని వణికాను. వయసు మీదపడ్డాక ఇప్పుడనిపిస్తోంది, ఎలాగూ ఒకనాడు పిలుపు రాక తప్పదు, ఆ వచ్చేదేదో నన్ను కొడకా అన్న గొంతే కదా అని.