రాజుపాలెం మేడకు తోలిన సున్నం

నా చిన్నప్పుడు, ఆ పెద్ద యుద్ధం రోజుల్లో, పిడుగురాళ్ళలో మాకొక సున్నపు బట్టీ ఉండేది. ఇళ్ళు కట్టేవాళ్ళే కరువై అది నెలల తరబడి చల్లారిపోయి ఉంది. రాజుపాలెంలో ఒక మోతుబరి మేడ కట్టడానికి రాళ్ళు తోలించాడని తెలిసింది. ఆ బేరం రాకపోతే బట్టీ వదిలేసి రాళ్ళు కొట్టే కూలికి పోవడమేనని మా నాన్న తేల్చేశాడు.

నాన్న వెళ్ళి అడిగితే ఆ మోతుబరి "చూద్దాంలే" అన్నాడట. మళ్ళీ వెళితే మళ్ళీ అదే మాట. నాన్నకు పౌరుషం జాస్తి, ఇక ఆ గడప తొక్కనన్నాడు. అప్పుడు మా నాయనమ్మ బండి కట్టించుకుంది. ఇంట్లో వదిలితే చెల్లెల్ని కొడతానని నన్నూ ఎక్కించుకుంది.

ఆమె మోతుబరి దగ్గరికి పోనే లేదు. పెరట్లో వాళ్ళమ్మ చింతపండు గింజ తీస్తుంటే, పక్కన కూర్చుని తానూ తీసింది. సున్నం ఊసే లేదు. ఆ పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు, కోడలి పుట్టింటి గొప్పలు, చూలుతో ఉన్న గేదె సంగతి, అన్నీ విన్నది. వారం తిరిగాక మళ్ళీ వెళ్ళి, "గేదె ఈనిందా అమ్మా?" అని మొదలుపెట్టింది. ఆ పై వారం మోకాళ్ళకు కట్టమని వావిలాకు పట్టుకెళ్ళింది. నాకు ఒళ్ళు మండిపోయేది. అంత దూరం పోయి వాళ్ళ చింతపండు ఒలిచి రావడమేమిటి! నాన్న కూడా, "మా అమ్మ బేరానికి పోతందా, పేరంటానికి పోతందా?" అని దెప్పేవాడు.

ఆ ఇంటి చిన్నకొడుకు, మోతుబరి తమ్ముడు, ఎప్పుడూ అరుగు మీద తాడు పేనుతూ ఉండేవాడు. అతనికి చూపు లేదు. నాయనమ్మ అతని గురించి ఒక్క మాటా అడగలేదు. ఒకరోజు అతను గోడ తడుముకుంటూ వచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళాక, ఆ పెద్దమ్మే చెప్పుకొచ్చింది.

"పుట్టు గుడ్డోడు కాదే వాడు. పాత కొట్టం కట్టేప్పుడు వాకిట్లో సున్నపు గుంట తవ్విచ్చారు. నీళ్ళు పోస్తే కుతకుతా ఉడకతంది. ఆడుకుంటా పోయి పడ్డాడు. నా పేణం ఉండగా ఈ వాకిట్లో మళ్ళీ గుంట తవ్వనియ్యను. మేడ లేకపోతే మానె."

మోతుబరి "చూద్దాంలే" వెనకున్నది తల్లి దుఃఖమన్నమాట. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాయనమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను మాత్రం ఆగలేకపోయాను. గుంట మా బట్టీ దగ్గరే తవ్వి, అక్కడే నానబెట్టి, చల్లారిన సున్నం కుండల్లో తోలితే సరిపోదా? చెప్పమని నాయనమ్మను గిల్లాను. ఆమె నా తొడ మీద అంతకు రెండింతలు గిల్లింది.

బండి ఊరు దాటాక ఏడుపు గొంతుతోనే అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"నాకు తట్టలేదనుకున్నావటే? ఏడ్చే మనిషి ముందు సరుకు మాట ఎత్తకూడదే పిచ్చిదానా. ఈ పూట ఆమె బిడ్డది. మళ్ళీ పోతాంగా."

మళ్ళీ వారం ఒక కుండతో తడి సున్నం తీసుకెళ్ళి, ఆ పెద్దమ్మ ముందు తన చెయ్యి ముంచి చూపించింది. గుంట మా దగ్గరే ఉంటుందని చెప్పింది. పెద్దమ్మ ఆ చేతిని తిప్పి చూసి, తానూ వేలు ముంచింది. తర్వాత పెద్దకొడుకును కేకేసింది. "ఒరేయ్, సున్నం ఈమె కాడే తెప్పియ్యి."

నీళ్ళ బరువు కూడా మోయాలా అని సణుగుతూనే నాన్న బట్టీ రాజేశాడు. మేడ పూర్తయ్యాక కూడా నాయనమ్మ వావిలాకు మానలేదు.

పెళ్ళయ్యాక నేను నరసరావుపేటలో ఇల్లిల్లూ తిరిగి చీరలమ్మి పిల్లల్ని పెంచాను. మూట విప్పబోతుంటే ఏ ఇల్లాలి కళ్ళలోనైనా నీళ్ళు తిరిగితే, నా తొడ చురుక్కుమనేది. ముడి మళ్ళీ బిగించి, ఆమె పక్కన కూర్చునేదాన్ని.